అంచు కోసిన బొమ్మ

మా ఇంట్లో టీవీ రిమోట్ నా చేతిలోనే ఉంటుంది. అల్లుడికి ఇది నచ్చదు. పాత సినిమా ఏదైనా వస్తే చాలు, ఆయన చేయి ఊరుకోదు. ఏదో బటన్ నొక్కి బొమ్మను ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగదీస్తాడు. "అటూ ఇటూ నల్లగా వేస్టు పోతోంది కదా అత్తయ్యా" అంటాడు. మనుషుల మొహాలు పూరీల్లా ఉబ్బినా, తలలు నుదుటి దగ్గర తెగిపోయినా ఆయనకు పట్టదు. కొన్న అద్దమంతా నిండాలి, అంతే. నేను రిమోట్ లాక్కుని బొమ్మను దాని కొలతకు తెస్తాను. "సినిమా నీ టీవీ కొలత చూసుకుని పుట్టలేదు నాయనా" అంటాను. ఇంత చిన్న సంగతికి ఈవిడకు ఇంత కోపమేమిటని అమ్మాయీ అల్లుడూ మొహమొహాలు చూసుకుంటారు. నాకిది చిన్న సంగతి కాదు. మా అమ్మను నా చెల్లెలికి దక్కకుండా కోసి పారేసినవాళ్ళ మీద కోపం ఇది, ఇన్నేళ్ళయినా చల్లారలేదు.

డెబ్భైల్లో మేము మదనపల్లె పక్కన అంగళ్లలో ఉండేవాళ్ళం. నాన్న లారీ డ్రైవరు, ఇంట్లో ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. అమ్మ వేరుశనగ చేలల్లో కూలికి పోయేది. మా ఇంట్లో అద్దం ఉండేది, దేవుడి పటాలు ఉండేవి, మనిషి ఫోటో మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. అందుకు కారణం మా పెద్దమ్మ. అమ్మకు సొంత అక్క, పుంగనూరులో కాపురం. ఫోటో తీయించుకుంటే మనిషి నీడను ఎవరికో పట్టి ఇచ్చినట్టనీ, ఆయుష్షు తరిగిపోతుందనీ ఆమెకు గట్టి నమ్మకం. అమ్మ పెళ్ళికి స్టూడియో ఆయన కెమెరా పట్టుకుని పందిరి దాకా వస్తే, పెద్దమ్మే ఆయనకు కడుపునిండా భోజనం పెట్టించి వెనక్కి పంపేసిందట. అందుకని పెళ్ళికూతురిగా కూడా మా అమ్మ ఎలా ఉండేదో ఎక్కడా లేదు.

అలాంటి మా అమ్మ సినిమాలో పడింది. అది కూడా సినిమాస్కోపులో.

కొండ కిందికి పోయే రోడ్డు మీద షూటింగు పెట్టారు. వ్యాన్లు, గొడుగులు, ఎండను మొహాల మీదికి తిప్పే రేకులు. మా చెల్లెలు అప్పటికి చంకబిడ్డ, నేను మూడో తరగతో నాలుగో తరగతో. గుట్ట మీద నుంచి గంపలు ఎత్తుకుని దిగివచ్చే ఆడవాళ్ళు కావాలని సినిమావాళ్ళు చేలల్లోకే వచ్చి అడిగారు. వాళ్ళు తెచ్చిన ఆడవాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని నడవలేక తడబడుతున్నారట. మా అమ్మా, ఇంకొందరూ పనిలో నుంచి అలాగే లేచిపోయారు. ఊరు ఊరంతా రోడ్డు పక్కన చేరింది. మళ్ళీ మళ్ళీ గుట్ట ఎక్కించి, మళ్ళీ మళ్ళీ దింపారు. చివరికి ఎవరో టోపీ ఆయన చెయ్యెత్తి చాలన్నాడు. అమ్మ మిగిలిన కాయలు కోయడానికి చేలోకి పోయింది.

ఆ సినిమా మదనపల్లె హాలుకు వచ్చినప్పుడు నాన్న మమ్మల్ని తీసుకుపోయాడు. సినిమాస్కోపు అంటే ఇప్పటి పిల్లలకు చెప్పినా తెలియదు. ముందు వార్తల రీలు మామూలు తెర మీద ఆడుతుంది. అది అయిపోయాక తెరకు అటూ ఇటూ ఉన్న నల్లగుడ్డలు మెల్లగా పక్కకు జరుగుతాయి. తెర వెడల్పవుతూ పోతుంది, ఇంక ఆగుతుందనుకున్న చోట ఆగదు. బొమ్మ మొదలు కాకముందే, ఆ గుడ్డ జరగడానికే ఈలలు పడేవి. అంత వెడల్పు ఎందుకంటే అందులో మనుషులు ఉంటారు కాబట్టి. హీరో కారు చెడిపోయి రోడ్డు నడుమ నిలబడి ఉంటాడు. కుడి చివర హీరోయిన్ గొడుగు పట్టుకుని ఎగతాళి చేస్తుంటుంది. ఎడమవైపు గుట్ట మీద నుంచి గంపలతో ఆడవాళ్ళు దిగి వస్తుంటారు. వాళ్ళలో అందరికంటే చివర, తెర అంచుకు ఆనుకుని, మా అమ్మ. దిగుతూ దిగుతూ ఒకసారి పక్కకు తిరిగి చూసి, మళ్ళీ నడుస్తుంది.

నేను బెంచీ మీద లేచి నిలబడి "మాయమ్మ!" అని అరిచాను. వెనకవాళ్ళు కూర్చోమని తిట్టారు. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని, తల ఎత్తకుండా, నా జడ పట్టుకుని కిందికి లాగింది. సిగ్గుతో చచ్చిపోతోంది, సంతోషంతో ఒళ్ళు తెలియడం లేదు. మరుసటి వారం మళ్ళీ పోదామని నాన్నను అడిగింది కూడా ఆవిడే.

తర్వాత అదే సినిమా సోమలలో టెంటు కొటాయికి వచ్చింది. మా అమ్మ పుట్టిల్లు ఆ పక్కనే. గుడారంలో కట్టిన తెర చిన్నది, సినిమా పెద్దది. ఎడమవైపు బొమ్మ తెర దాటి పక్కన కట్టిన ఈతచాప మీద పడింది. అమ్మ ఆ చాప మీదే నడిచింది. ఒళ్ళంతా చాప గీతలు, అయినా నడిచింది. ఆ టెంటు ఆయన మీద నాకు ఈరోజుకీ గౌరవం. తన తెర చిన్నదైతే, బొమ్మను కోయాలని ఆయనకు తోచలేదు.

పెద్దమ్మ మాత్రం ఆ సినిమాకు రాలేదు. "నీడను పట్టి ఇచ్చి వచ్చింది, ఇంకేం సూడాల" అని అమ్మతో కొన్నాళ్ళు మాట్లాడలేదు కూడా. ఆ మరుసటి ఏడాది వానల్లో అమ్మకు విషజ్వరం వచ్చింది. మదనపల్లె ఆసుపత్రికి చేర్చారు కానీ ప్రాణంతో తిరిగి తేలేకపోయారు. పెద్దమ్మ అమ్మ పక్కన కూలబడి ఏడుస్తూ, "సెప్తి గదమ్మా, ఇంటివా, సెప్తి గదా" అని తల బాదుకుంది. ఆమె నమ్మకం రాయిలా గట్టిపడిపోయింది. చెల్లెల్ని పెద్దమ్మ తనతో పుంగనూరుకు తీసుకుపోయి తన బిడ్డల్లో బిడ్డగా పెంచింది. నేను నాన్న దగ్గర ఉండి చదువుకున్నాను.

చెల్లెలికి అమ్మ మొహం తెలియదు. ఇది చెప్పడానికి ఒక్క వాక్యమే. సెలవులకు నేను పుంగనూరు పోయినప్పుడల్లా అది పక్కన పడుకుని, "అమ్మ ఎట్లుంటాదక్కా?" అని అడిగేది. నేనేం చెప్పను? ముక్కు ఇలా ఉంటుంది, నుదురు అలా ఉంటుంది అంటే ముక్కూ నుదురూ వస్తాయి కానీ అమ్మ రాదు. నీ మాదిరే ఉంటుందంటే అద్దం ముందు నిలబడి చూసుకుని, "ఇట్లనా?" అనేది. చివరికి ఒక మాట ఇచ్చాను. అమ్మ సినిమాలో ఉంది, ఆ సినిమా మళ్ళీ వచ్చినప్పుడు చూపిస్తాను అన్నాను. దానికి అది చాలు. బళ్ళో అందరికీ చెప్పుకుంది, మా అమ్మ సినిమాలో ఉందని. కానీ ఆ సినిమా ఏ హాలుకూ మళ్ళీ రాలేదు.

ఎనభైల్లో క్యాసెట్లు వేసి చూసే వీడియో డెక్కులు వచ్చాయి. మదనపల్లెలో నేను టీచరు ట్రైనింగు చదువుకుంటూ అద్దెకున్న ఇంటివాళ్ళు టీవీ, డెక్కు కొన్నారు. బజారులో వీడియో షాపు పెట్టారు. అక్కడ అలమరలో ఆ సినిమా క్యాసెట్టు కనబడింది. ఆ ఆదివారమే పుంగనూరు పోయి చెల్లెల్ని బస్సులో తీసుకొచ్చాను. పెద్దమ్మకు చెబితే పంపదని గుడ్డలు కొనిపెట్టాలని చెప్పాను. చెల్లెలు దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది. అమ్మ ఏ చీర కట్టుకుని ఉంటుంది, గంపలో ఏముంటుంది, తనను చూస్తుందా. తల దువ్వుకుని బొట్టు పెట్టుకుని మరీ టీవీ ముందు కూర్చుంది.

సినిమా మొదలైన కాసేపటికే ఏదో తేడాగా ఉందనిపించింది. ఇద్దరు మాట్లాడుకుంటుంటే ఇటు ఒక ముక్కు, అటు ఒక ముక్కు, నడుమ ఒక పూలకుండీ. ఆ పూలకుండీ ఒకటే నిండుగా కనిపిస్తోంది. పాటలో పదిమంది ఆడాల్సిన చోట నడిమి నలుగురే ఆడుతున్నారు, పక్కల నుంచి చేతులు మాత్రం వచ్చి పోతున్నాయి. నాకు అప్పటికీ అర్థం కాలేదు, టీవీ చిన్నది కదా, అలాగే ఉంటుందేమో అనుకున్నాను. రోడ్డు సీను వచ్చింది. నేను చెల్లెలి భుజం పట్టుకుని, "ఇప్పుడే, ఎడమ పక్కన సూడు" అన్నాను. కారు వచ్చింది. హీరో వచ్చాడు. హీరోయిన్ గొంతు వచ్చింది, మనిషి రాలేదు, గొడుగు కొస ఒకటి ఊగింది. ఎడమ పక్కన గుట్ట లేదు. గంపలు లేవు. సీను అయిపోయింది.

"యాడక్కా?" అంది చెల్లెలు.

వెనక్కి తిప్పించాను. మళ్ళీ చూశాం. ఇంటివాళ్ళు కూడా జాలిగా కళ్ళు చికిలించి చూశారు. లేదు. ఎన్నిసార్లు తిప్పినా హీరో కారు బానెట్టు తెరుస్తాడు, మూస్తాడు. తిరుగు బస్సులో చెల్లెలు కిటికీ వైపు మొహం పెట్టుకుని కూర్చుంది. పుంగనూరు దిగేటప్పుడు మాత్రం, "నన్ను ఊరుకోబెట్టేదానికి అట్ల సెప్పినావా?" అని అడిగింది. కోపంగా అడిగినా బాగుండేది. పెద్దమనిషిలా, నన్ను క్షమించేసినట్టు అడిగింది.

మరుసటి ఉదయం వీడియో షాపు తెరవకముందే నేను మెట్ల మీద కూర్చుని ఉన్నాను. షాపాయన తాళం తీస్తూ ఏమ్మా అన్నాడు. క్యాసెట్టు బల్ల మీద కొట్టినట్టు పెట్టి, "ఈ సినిమాలో అటు సగం ఇటు సగం యాడికి పోయిండాది?" అన్నాను.

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాడు. "ఓ, అదా మ్మా. స్కోపు బొమ్మ టీవీలో పట్టదు గదా. క్యాసెట్టు సేసేటోళ్ళు నడిమిది పెద్దది సేసి పక్కలు తీసేస్తారు. లేకుంటే పైనా కిందా నల్ల పట్టీలు వస్తాయి. పట్టీలు ఉంటే జనం నా మింద పడి కొడతారు, టీవీ సగం ఖాళీగా ఉండాది, క్యాసెట్టు సెడిపోయిండాది అని."

"పక్కలు తీసేస్తే ఆ పక్కన ఉండే మనుషులు?"

"పక్కన ఎవురుంటారు మ్మా? జనాలు ఉంటారు. హీరో నడిమినే గదా ఉండేది."

ఆ మాట నా ఒంట్లో ఇంకా ఉంది. జనాలు ఉంటారు. ఎక్కడో ఒక గదిలో ఒక మనిషి కూర్చుని, మా అమ్మ నడుస్తున్న చోటు మీద వేలు పెట్టి, ఇది అక్కర్లేదు అనుకున్నాడు. కెమెరా పట్టినవాడు అక్కర్లేదనుకోలేదు. గుట్ట కావాలి, గంపలు కావాలి, ఆ ఆడవాళ్ళు దిగుతూ ఉండాలి అని మిట్టమధ్యాహ్నం ఎండలో వాళ్ళను గుట్ట ఎక్కించి దింపి, ఇంత వెడల్పున పట్టాడు. అది ఆయన గీసుకున్న గీత. ఆ గీతను చెరపడానికి వీళ్ళెవరు? పుస్తకం అచ్చు వేసేవాడు కాగితం చిన్నదని ప్రతి వరసలో మొదటి మాటా చివరి మాటా కొట్టేస్తే ఊరుకుంటామా? సినిమా అయ్యేసరికి ఊరుకున్నాం. ఊరుకోవడమే కాదు, నిండుగా ఉంది, భలే ఉంది అని మెచ్చుకున్నాం. ఆ షాపాయనతో నేను ఆరోజు అనాల్సినవన్నీ అన్నాను, అనకూడనివి కూడా కొన్ని అన్నాను. ఆయన పాపం, "నేను కోసినానా మ్మా, నేను అమ్మేటోడిని" అంటూ గుడ్డ తీసుకుని క్యాసెట్లు తుడుచుకున్నాడు. కోసినవాడు నా చేతికి దొరకలేదు. ఇప్పటికీ దొరకలేదు.

చదువయ్యాక నాకు కుప్పంలో ఉద్యోగం వచ్చింది. కుప్పం అంటే మూడు రాష్ట్రాలు కలిసే మూల. ఒక వీధిలో తెలుగు, ఇంకో వీధిలో అరవం, సంతలో కన్నడం. వీడియో షాపుల్లో కూడా అన్ని వైపుల క్యాసెట్లూ ఉండేవి. నేను ఏ షాపు కనబడినా లోపలికి పోయి ఆ సినిమా ఉందా అని అడిగేదాన్ని. ఉంటే అక్కడే వేయించి రోడ్డు సీను చూసేదాన్ని. అన్నీ ఒకే కత్తితో కోసినవే. ప్రతిసారీ హీరో బానెట్టు తెరిచేవాడు. ఆయన మొహం చూస్తేనే నాకు ఒళ్ళు మండేది, పాపం ఆయన చేసిందేమీ లేకపోయినా.

రైల్వే స్టేషను దగ్గర ఒక సాయిబు గారి షాపు ఉండేది. రేడియోలు బాగుచేస్తూ పక్కన క్యాసెట్లు పెట్టుకున్నాడు. నేను అడిగితే గొణుక్కుంటూ కింది అరలో చెయ్యి పెట్టి, దుమ్ము కొట్టి తీశాడు. "మా బామ్మర్ది కువైట్ నించి తెచ్చినాడు మ్మా. ఎవురూ తీస్కపోరు. తీస్కపోయినా వాపస్ తెచ్చి నా మొహాన కొడతారు. పట్టీలు ఉండాయి దీంట్లో."

"నల్ల పట్టీలా? పైనా కిందా?"

"హా మ్మా. సగం టీవీ ఖాళీ."

వేయండి అన్నాను. ఆయన బల్ల మీద ఉన్న చిన్న టీవీలో వేశాడు. పైన నలుపు, కింద నలుపు, నడుమ సన్నగా పొడుగ్గా బొమ్మ. కుడి చివర హీరోయిన్, గొడుగుతో సహా. నడుమ కారు. ఎడమవైపు గుట్ట. గుట్ట మీద నుంచి గోరంత మనుషులు దిగుతున్నారు. అందరికంటే చివర, అంచుకు ఆనుకుని, మా అమ్మ. నేను అక్కడే స్టూలు మీద కూలబడి ఏడ్చాను. సాయిబు గారు కంగారుపడి ముందు ఫ్యాను వేశాడు, తర్వాత టీ తెప్పించాడు. సంగతి చెబితే క్యాసెట్టు బయటికి తీసి, అట్టపెట్టెలో పెట్టి నా ముందుకు జరిపాడు. "ఉంచుకో మ్మా. మీ అమ్మను వాపస్ తెమ్మని నేను ఎట్ల అడిగేది?" అన్నాడు.

ఆ క్యాసెట్టు నా పెట్టెలో పెట్టుకుని తాళం వేసుకున్నాను. ఆ నెలాఖరులోనే పుంగనూరు నుంచి కబురు వచ్చింది, చెల్లెలు పెద్దమనిషి అయిందని.

ఆ కార్యానికి టీవీ, డెక్కు అద్దెకు తెప్పించడం అప్పట్లో మర్యాద. భోజనాలయ్యాక చుట్టాలకు ఒక సినిమా వేయాలి, లేకపోతే ఏదో లోటు చేసినట్టు. ఏ సినిమా అనేది నేను చూసుకుంటానని చెప్పాను. చెల్లెలు పసుపు నీళ్ళు పోసుకుని, కొత్త పట్టుచీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. తల్లి చేయాల్సినవన్నీ పెద్దమ్మ చేసింది. చేసే ప్రతిదానికీ కళ్ళు తుడుచుకుంది. నేను చెల్లెలి చెవిలో, "ఈరోజు సూపిస్తా" అన్నాను. అది నా వైపు చూసి, నొచ్చుకుంటానని కాబోలు, తల ఊపింది.

మధ్యాహ్నం వసారాలో కిటికీకి దుప్పటి కట్టి, చాపలు పరిచి అందర్నీ కూర్చోబెట్టారు. డెక్కు వెంట వచ్చిన మనిషి క్యాసెట్టు పెట్టాడు. పేర్లు పడగానే గోల మొదలయింది. "ఏందప్పా ఇది, టీవీ సగం సచ్చిపోయిండాది?" "ఆ నలుపేంది?" "మంచి టీవీ దొరకలేదా?" డెక్కు మనిషి, "ఉండండుండండి, సరిజేస్తా" అంటూ టీవీ వెనక్కి పోయి, చిన్న రంధ్రంలో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాడు. నేను చూస్తుండగానే బొమ్మ పైకీ కిందికీ సాగింది. పట్టీలు పోయాయి. గుమ్మడికాయంత హీరో మొహం పొట్లకాయ అయింది. మనుషులందరూ వెదురుకర్రల్లా నిలబడ్డారు. వసారా అంతా చప్పట్లు కొట్టింది.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఒకరు పక్కలు కోసి అమ్మను లేకుండా చేశారు, ఇంకొకరు ఉన్న అమ్మను పీకి సాగదీయబోతున్నారు. నా చెల్లెలు మొట్టమొదటిసారి తల్లిని చూడబోతోంది. చూసే ఆ తల్లి పొట్లకాయ మొహంతో ఉండాలా? రేపు కళ్ళు మూసుకుంటే దానికి ఆ మొహమే కనబడాలా? నేను జనాన్ని తొక్కుకుంటూ పోయి డెక్కు మనిషి మణికట్టు పట్టుకున్నాను.

"ఎంత తిప్పినావో అంత వెనక్కి తిప్పు."

"అందురూ బాగుండాదంటాండారు. నీకేం నొప్పి మ్మా?"

"తిప్పుతావా, టీవీ ఎత్తి బయట పారేయమంటావా?"

తిప్పాడు. పట్టీలు మళ్ళీ వచ్చాయి. వసారాలో మళ్ళీ గోల. ఆ గోల విని పెద్దమ్మ చెయ్యి తుడుచుకుంటూ లోపల నుంచి వచ్చింది. టీవీ వైపు చూసింది. ఆమె మొహం మాడిపోయింది.

"మంచి దినాన యాల మే ఈ నలుపు? కర్మాంతరం కార్డుకు గీసినట్ల పైనా కిందా నలుపు గీసి, బిడ్డ ముందర పెట్టినావే! బుద్ధుండాదా నీకు? ఆపు దాన్ని."

"ఆపను పెద్దమ్మా. ఆ నలుపు ఉంటేనే అమ్మ ఉంటాది. నలుపు తీసేస్తే అమ్మ పోతాది."

ఆమెకు తెలియదు కదా. ఆమె ఆ సినిమా ఏనాడూ చూడలేదు. నేను టీవీ ముందు నిలబడి, చేతులతో చూపిస్తూ, అరుస్తూ చెప్పాను. హాలులో తెర ఇంత వెడల్పు ఉండేది. టీవీ ఇంతే. వెడల్పంతా పట్టాలంటే పైనా కిందా ఖాళీ ఉండి తీరాలి. ఖాళీ వద్దన్నవాళ్ళ కోసం పక్కలు కోశారు. ఆ కోసిన పక్కలో అమ్మ ఉంది. మీ అందరికీ అద్దం నిండటం ముఖ్యం, లోపల ఎవరున్నారో, ఎవరు పోయారో మీకు అక్కర్లేదు. నా గొంతు పగిలిపోయింది. కుర్చీలో నుంచి చెల్లెలు మెల్లగా, "ఈసారన్నా ఉంటాదా అక్కా?" అంది.

పెద్దమ్మ లోపలికి పోయింది. మెయిన్ స్విచ్చు తీసేయడానికి పోయిందనుకుని నేను వెంటపడబోయాను. ఆమె చేతిలో గుడ్డతో తిరిగి వచ్చింది. కార్యానికని పసుపు నీళ్ళలో ముంచి ఆరేసిన కొత్తగుడ్డ అది. దాన్ని పంటితో అంచు తెంపి నిలువునా చర్రున చించింది. ఒక పేలిక టీవీకి పైనా, ఒకటి కిందా, సరిగ్గా నలుపు మీద పడేటట్టు చుట్టి వెనక ముడి వేయబోయింది. ముడి పడలేదు. డెక్కు మనిషే వంగి వేశాడు.

"మా సెల్లెలు ముత్తైదువగా పోయింది" అంది పెద్దమ్మ, ఎవరి వైపూ చూడకుండా. "నలుపు నడమ దాన్ని నడిపించొద్దు. పసుపు నడమ నడవనీ."

ఇంక ఎవ్వరూ టీవీ సగం ఖాళీగా ఉందనలేదు. అంతే ఖాళీ, అదే కొలత. అయినా అందరూ నోరు మూసుకుని చూశారు. నాకు వాళ్ళందర్నీ చెడామడా తిట్టాలనీ అనిపించింది, పెద్దమ్మ కాళ్ళు పట్టుకోవాలనీ అనిపించింది.

రోడ్డు సీను వచ్చింది. కారు, గొడుగు, గుట్ట. గంపలు దిగుతున్నాయి. చివర అంచున అమ్మ వచ్చింది. పొడుగు కాలేదు, పొట్టి కాలేదు, తెగిపోలేదు. ఎంత మనిషో అంతే ఉంది. నేను చెల్లెలికి చూపించాల్సిన పని లేకపోయింది. పెద్దమ్మే ముందు గుర్తుపట్టింది. "ఆ రవిక నాది" అంది. "నేను కుట్టించుకున్నెది. అడిగి తీస్కపోయింది." అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

చెల్లెలు కుర్చీలో నుంచి లేచింది. కార్యం పిల్ల అలా లేవకూడదని ఎవరో అనబోతే పెద్దమ్మ చెయ్యెత్తి ఆపింది. పట్టుచీర కాళ్ళకు అడ్డం పడుతుంటే ఎత్తిపట్టుకుని వచ్చి, టీవీకి మూరెడు దూరంలో కూర్చుంది. "మళ్ళా ఎయ్యి న్నా" అంది. డెక్కు మనిషి వెనక్కి తిప్పి వేశాడు. అమ్మ గుట్ట దిగింది, పక్కకు తిరిగింది, పోయింది. "మళ్ళా." మళ్ళీ వేశాడు. ఎన్నిసార్లు వేశాడో, విసుక్కోలేదు. చెల్లెలు ఏడవలేదు. కొత్త ఊరికి దారి నేర్చుకుంటున్నట్టు చూసింది. తర్వాత, "ఈడ ఆపు" అంది. అమ్మ పక్కకు తిరిగిన చోట బొమ్మ ఆగి, సన్నగా వణుకుతూ నిలబడింది. అమ్మ మొహం నవ్వుతోంది.

"ఎవురిని సూసి నవ్వుతాండాది అక్కా?"

నేను పోయి దాని పక్కన కూర్చున్నాను. "నిన్నే. నేను నిన్ను సంకన ఎత్తుకోని ఆ పక్కనే నిలబడుండా. పక్కకు సూడొద్దు, నేరుగా నడువు అని సినిమావాళ్ళు అరస్తానే ఉండారు. నువ్వు ఏడిస్తివి. నీ ఏడుపు ఇని తిరిగింది."

చెల్లెలు అద్దం మీద చెయ్యి పెట్టలేదు. అద్దం అయిపోయిన చోట, ఎడమ పక్కన, టీవీ పెట్టె చెక్క మీద అరచెయ్యి ఆనించింది.

"ఈడనా, నేనుండింది?"

"ఆడనే" అన్నాను.

అది చెయ్యి తీయలేదు. సినిమా ముందుకు పోనివ్వమని ఆ వసారాలో ఎవ్వరూ అడగలేదు.